అమ్మ వంతు కూర

మొన్న శనివారం మా చెల్లెలు సరళ ఆఫీసు నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. తను పనిచేసేది బషీర్‌బాగ్‌లో, నేనుండేది ఆబిడ్స్‌కీ నాంపల్లికీ నడుమ ఒక గల్లీలో. ఇంత దగ్గరుండి కూడా పండగకో పబ్బానికో తప్ప గుమ్మం తొక్కని మనిషి చెప్పాపెట్టకుండా వచ్చిందంటే ఏదో ఉందని తలుపు తీస్తూనే అనుకున్నాను. ఒక చేతిలో ఆకుకూరల సంచీ, రెండో చేతిలో దవాఖాన కాగితాలు. చెప్పులు విడుస్తూనే, "రక్తం తక్కువుందంటక్కా. అన్ని పరీక్షలు చేసిన్రు. వేరే రోగమేం లేదట, తిండే సక్కగ లేదట," అంది. తిండి సరిగా లేకపోవడానికి దానికేం కరువు? వచ్చే ఏడు రిటైర్ కాబోతున్న ఉద్యోగం, కొడుకు, కోడలు, మనవరాలు, తలుపు తెరిస్తే కూరగాయలు మీద పడేంత ఫ్రిజ్. అయినా ముఖం చూస్తే నిజమే, పాలిపోయి ఉంది. మెట్లెక్కి వచ్చిన ఆయాసం ఎంతసేపటికీ తగ్గలేదు. చాయ్ పెడతానంటే వద్దంది. తిండికి ముందూ వెనకా చాయ్ తాగితే తిన్న బలం ఒంటికి పట్టదని డాక్టరు చెప్పాడట. చాయ్ వద్దన్న సరళను నేను చూడటం అదే మొదలు, అప్పుడే నాకు భయం వేసింది.

కాసేపు కూర్చున్నాక ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. కూరగాయల్లో బలం పోకుండా ఎలా వండాలో చెప్పే వీడియోలు. ఒకావిడ ఆవిరి మీద ఉడికించమంటుంది, ఇంకొకావిడ పచ్చిగానే తినమంటుంది. ఒకాయన తొక్క తీస్తే అంతా పోయినట్టే అంటే, ఆ వెంటనే వచ్చినాయన తొక్క మీదంతా మందులే, తీసి పారేయమంటాడు. "ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్తున్నరు. నేను చూసి చూసి పరేషాన్ అయిన. నువ్వెట్ల వండుతవక్కా?" అంది. నాకు నవ్వాగలేదు. అది చిన్నబుచ్చుకుంది. "నవ్వుతవేంది? నా రక్తం తక్కువైతే నీకు నవ్వొస్తుందా?" అంది. దాని మీద నవ్వలేదని చెప్పాను. కూర ఎట్లా వండాలన్న గొడవ మా ఇంట్లో మొదటిసారి లేచినప్పుడు ఈ సరళ అమ్మ కడుపులో ఉంది. ఆ గొడవంతా దీని కోసమే. ఆ సంగతి దీనికి ఎవరూ చెప్పలేదు. అమ్మ చెప్పే మనిషి కాదు, నాన్న చెప్పాలనుకున్నా చెప్పలేడు. సంచీలోంచి తోటకూర తీసి పేపరు మీద పరిచి, ఆకు దూస్తూ చెప్పడం మొదలుపెట్టాను.

అప్పట్లో మేం నాంపల్లి స్టేషన్‌కు దగ్గరలో, ఒక పెద్ద వాకిలి చుట్టూ కట్టిన ఇళ్ళలో రెండు గదులు తీసుకుని కిరాయికి ఉండేవాళ్ళం. మా నాన్నను మేం బాపు అనేవాళ్ళం. ఆయన కోర్టులో గుమస్తా. ఆయన తమ్ముడు, మా చిన్నాయన, మా ఇంట్లోనే ఉండి కాలేజీలో చదువుకునేవాడు. నేనూ తమ్ముడూ పిల్లలం. ముందు గది మగవాళ్ళది, వెనక గది వంటకూ, పడకకూ, దేవుడికీ, అన్నిటికీ. ఆ వెనక గదిలో బొగ్గుల పొయ్యి అంటుకునేటప్పుడు వచ్చే ఘాటు, తడిసిన గోనెసంచీ వాసన, దేవుడి గూటిలోంచి సాంబ్రాణి, పక్కింటి రజియా ఫూఫీ వాళ్ళింట్లో వేగుతున్న ఉల్లిగడ్డ, ఇవన్నీ కలిస్తే మా ఇల్లు. రైలు కూత వినబడితే అమ్మ పొయ్యి మీది గిన్నె వైపు చూసేది. మా ఇంట్లో గడియారం ముందు గది గోడకుండేది, వంటింటి గడియారం మాత్రం స్టేషనే.

అమ్మ శుభ్రానికి మా వాకిలంతా భయపడేది. ఆమె పాత హైదరాబాదు వాళ్ళ పిల్ల, వాళ్ళ నాన్నకు బేగం బజార్‌లో కిరాణా దుకాణం. బియ్యంలో రాయి ఉన్నా, పప్పులో పుల్ల ఉన్నా పుట్టింటి పరువు పోయినట్టు బాధపడేది. అయితే ఆకుకూర మీద ఆమెకున్న అనుమానం పుట్టింటి నుంచి తెచ్చుకున్నది కాదు. నాకు మాటలైనా రాని వయసులో విరేచనాలు పట్టుకుని చావు తప్పి బతికానట. మూసీ ఒడ్డున మురికినీళ్ళతో పండించిన కూర వల్లే ఆ గండం వచ్చిందని ఎవరో అమ్మకు చెప్పారు. అంతే, ఆనాటి నుంచి మా ఇంట్లోకి వచ్చిన ఏ ఆకూ ప్రాణంతో కంచంలోకి రాలేదు. పొద్దున్నే కూర సన్నగా తరిగి ఉప్పునీళ్ళలో నానేసేది. వంట వేళకు ఆ నీళ్ళు పారబోసి, తరిగిన కూరనే మళ్ళీ మళ్ళీ కడిగేది. ఆ తర్వాత గంజు నిండా నీళ్ళు పోసి, మూత లేకుండా, ఆకు రంగు మారి మెత్తటి పేస్టయ్యేదాకా ఉడకబెట్టేది. చల్లారాక రెండు చేతులతో పిండి ముద్దలు చేసి, పచ్చటి నీళ్ళు మోరీలో పోసేది. ఆ ముద్దలకు ఇంత పోపు. చిన్నాయన దానికి గడ్డిముద్ద అని పేరు పెట్టి అన్నం కింద దాచేవాడు. బీరకాయనైనా ఆలుగడ్డనైనా తెల్లబడేదాకా చెక్కు తీసేది. మా మోరీ పక్కన మొలిచిన పుదీనా మాత్రం ఎవరూ పట్టించుకోకపోయినా మోకాలెత్తు పెరిగి, పక్కిళ్ళ వాళ్ళందరి చట్నీలకూ సరిపోయేది. నా కోసం మొదలైన భయమది అని పెద్దయ్యాక తెలిసి, ఆ రుచీపచీ లేని కూర మీద నాకున్న కోపమంతా పోయింది.

సరళ కడుపులో పడ్డాక అమ్మ ఒకరోజు నల్లా దగ్గర బిందె నింపుతూ కళ్ళు తిరిగి కూలబడింది. రజియా ఫూఫీ చూసి పట్టుకోకపోతే తల గచ్చుకు తగిలేది. ప్రసూతి దవాఖానకు తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ పెద్దావిడ, గొంతు కటువు, చేతులు మెత్తన. అమ్మ గోళ్ళు చూసింది, నాలుక చూసింది, రక్తం తీయించింది. "బాగ తక్కువుంది. గిట్లనే ఉంటే కాన్పు కష్టమైతది. తల్లికో పిల్లకో, ఎవరికైతదో నేను చెప్పలేను," అని బాపు ముఖం మీదే చెప్పింది. గోలీలు ఇచ్చింది, వాటితో పాటు ఆకుకూరలు, పప్పు, బెల్లం బాగా పెట్టమంది. గోలీ మింగిన గంటకల్లా అమ్మకు వాంతి అయ్యేది. ఒకటి మానేసి ఇంకొకటి ఇచ్చారు, అదీ నిలవలేదు. ఇక మిగిలింది తిండే. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కాదు. అమ్మ పోతుందేమోనన్న మాట నాతో ఎవరూ అనలేదు కానీ, రాత్రిపూట ఆమె కొంగు వేలికి చుట్టుకుని పడుకోవడం నాకు అప్పుడే అలవాటైంది.

బాపుకు కోర్టులో తోటి గుమస్తా ఒక సలహా ఇచ్చాడు. రక్తం ఎర్రగా ఉంటుంది కనుక ఎర్రటివి తింటే రక్తం పడుతుందని. బాపు ఎవరేం చెప్పినా నమ్మే స్థితిలో ఉన్నాడు. ఆ సాయంత్రమే మొజంజాహి మార్కెట్‌కు పోయి గోనెసంచీకి సగం బీట్‌రూట్ గడ్డలు మోసుకొచ్చాడు. అమ్మ అంతకుముందు ఆ గడ్డను వండి ఎరగదు. మట్టి అంటుకుని, వెంట్రుకల్లాంటి వేళ్ళతో ఉన్న దాన్ని చూడగానే ఆమెకు అనుమానం వచ్చింది. అనుమానం వస్తే ఏం చేస్తుందో తెలిసిందే. మందంగా చెక్కు తీసి, ముక్కలు కోసి, కడిగి, గంజు నిండా నీళ్ళలో మరగబెట్టి, ఆ నీళ్ళు మోరీలోకి వంచింది. మా మోరీ వాకిలి మధ్యనుంచి పారుతుంది. కాసేపటికి రజియా ఫూఫీ గుప్పిట్లో పసుపు పట్టుకుని, గుండె బాదుకుంటూ పరుగెత్తుకొచ్చింది. "యా అల్లా! ఎవరికి తెగింది? పిల్లగాడు ఏడి?" అని అరుస్తోంది. అమ్మ జల్లెట్లో గులాబీరంగు ముక్కలు పట్టుకుని బయటికొచ్చింది. ఫూఫీ ఆ ముక్కలు చూసి, మోరీ చూసి, అక్కడే గడప మీద కూలబడి నవ్వింది. "అరే బేటీ, ఖూన్ అంత మోరీకి తాపిచ్చి నువ్వేం తింటవ్?" అంది. అమ్మ కూడా నవ్వింది. చాలా రోజులకు నవ్వింది. బాపు మాత్రం నవ్వలేదు, మరునాడు ఊరికి పోయేవాళ్ళతో వాళ్ళమ్మకు కబురు పంపాడు.

నాయినమ్మ రైలు దిగిన రోజు నాకు కళ్ళకు కట్టినట్టుంది. బాపుతో పాటు స్టేషన్‌కు పోయాను. పొడుగ్గా, ఎముకల గూడులా ఉండే మనిషి నెత్తిన మూట పెట్టుకుని, కూలీని దగ్గరికి రానీయకుండా, జనాన్ని మోచేత్తో తోసుకుంటూ వచ్చింది. మూటలో నువ్వులు, బెల్లం, ఎండబెట్టిన పుంటికూర, అదే గోంగూర. ఆమె దగ్గరికి పోతే పొయ్యి పొగ వాసన, నువ్వుల నూనె వాసన కలిసి వచ్చేవి. ఇల్లు చేరగానే నీళ్ళైనా తాగకుండా అమ్మను వెలుతురులోకి లాగి, కంటి కింది రెప్ప బొటనవేలితో కిందికి దించి చూసింది. తెల్లగా ఉంది. నాయినమ్మ కొంగు నడుముకు చెక్కుకుని వంటగదిలోకి పోయింది.

ఆ రోజే గొడవ మొదలైంది. అమ్మ గంజులో కుతకుతలాడుతున్న కూరను చూసి, "గిదేంది బిడ్డా? కూర వండుతున్నవా, బట్టలు ఉడకబెడుతున్నవా?" అంది నాయినమ్మ. అత్త మాటకు ఎదురు చెప్పని అమ్మ ఆ ఒక్క విషయంలో వెనక్కి తగ్గలేదు. "మూసీ నీళ్ళ కూర అత్తమ్మా గిది. మీ ఊర్ల బాయినీళ్ళ కూర కాదు. పిల్లలకేమన్న అయితే?" అంది. "కడుగు. నిన్నెవరొద్దన్నరు? ఆకు ఆకు లెక్కనే ఉన్నప్పుడు కడుగు. తరిగినంక కడిగితే దాని సారమంత నీళ్ళల్లనే పాయె. ఉడకబెట్టిన నీళ్ళు గూడ పారబోస్తివి. ఇగ మిగిలిందేంది, పిప్పి." అమ్మ కళ్ళ నిండా నీళ్ళు నింపుకుని నా వైపు చూసింది. నాయినమ్మ కూడా నా వైపు చూసింది. నేను బతికి బయటపడ్డ కథ ఆమెకూ తెలుసు కదా, గొంతు తగ్గించింది. చివరికి ఇద్దరి మధ్య ఒప్పందం కుదిరింది. కడిగే పని అమ్మది, వండే పని నాయినమ్మది.

అమ్మ కడగడం చూడాలి. కాడలతో ఉన్న కట్టను విప్పి, ఆకు ఆకూ ఉప్పూ పసుపూ కలిపిన నీళ్ళలో ఆడించి, బకెట్ అడుగున ఇసుక రేణువైనా కనబడని దాకా నీళ్ళు మార్చేది. ఆ తర్వాత కూరను బట్ట మీద ఆరబెట్టి నాయినమ్మకు అప్పగించేది. నాయినమ్మ పొయ్యి మీద నూనె కాగి, జీలకర్ర చిటపటలాడాకనే కత్తిపీట ముందు కూర్చునేది. కొంచెం పెద్దగా, చకచకా తరిగి, అలాగే గిన్నెలో వేసి మూత పెట్టేది. ఆకుకు ఉన్న తడే చాలు, పైనుంచి నీళ్ళు పొయ్యదు. నేను ఉండబట్టలేక మూత తీయబోతే, "ఊకె ముసుగు తీసి చూడకే, గదేమన్న పెండ్లిపిల్లనా?" అని చేయి మీద ఒకటి వేసేది. దించాక నిమ్మకాయ పిండేది. ఎందుకని అడిగితే, "మా అవ్వ పిండింది, నేను పిండుతున్న" అనేది. తోటకూర కాడలు నార తీసి పులుసులోకి, బీరకాయ పొట్టు తొక్కు పచ్చడిలోకి, ఏదన్నా ఉడికిన నీళ్ళు మిగిలితే పప్పుచారులోకి. బీట్‌రూట్‌ను తోలుతోనే గడ్డకు గడ్డ ఉడికించి, చల్లారాక వేళ్ళతో రుద్దితే తోలు ఊడివచ్చేది, ఎరుపంతా లోపలే ఉండేది. రజియా ఫూఫీ వచ్చి మోరీ వైపు చూసి, తెల్లనీళ్ళే పోతున్నాయని నాయినమ్మకు సలాం చేసేది. అలాగని నాయినమ్మ చెప్పిందంతా నిజమనుకోకండి. జామకాయ తింటే కడుపులో పిల్లకు దగ్గొస్తుందని అమ్మను తిననీయలేదు. వంకాయ తింటే పిల్ల నల్లగా పుడుతుందంది. డాక్టరమ్మ ఆ మాటలు విని ఉంటే తలకాయ పట్టుకునేది.

ఆ వంట రుచి మాటల్లో చెప్పలేను. తోటకూరకు తీపి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. పుంటికూర పప్పు రోజున తమ్ముడు కంచం నాకుతుంటే ఎవరూ తిట్టలేదు. గడ్డిముద్దను అన్నం కింద దాచిన చిన్నాయన, ఇప్పుడు కాలేజీ నుంచి వస్తూనే "ఇయ్యాల ఏం కూర?" అని గడపలోంచే అడిగేవాడు, మళ్ళీ మళ్ళీ వడ్డించుకునేవాడు. బాపు చొక్కా పొట్ట దగ్గర బిగువైంది. నా చెంపలు నున్నబడ్డాయని రజియా ఫూఫీ దిష్టి తీసింది. ఇదంతా చూస్తూ నాయినమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని మురిసిపోయేది. దవాఖానకు మళ్ళీ వెళ్ళే రోజు వచ్చినప్పుడు ఆమె పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది. డాక్టరమ్మ మెచ్చుకుంటుందని ఆమెకు గట్టి నమ్మకం. నాకూ అదే నమ్మకం. సంచీ పట్టుకుని నేనూ వెంట పోయాను.

డాక్టరమ్మ కాగితం చూసి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. రక్తం పెరగలేదు సరికదా, ఇంకా కొంచెం తగ్గింది. "నేను చెప్పింది పెడుతున్నరా లేదా?" అని నాయినమ్మను గద్దించింది. నాయినమ్మ ముఖం ఎర్రబడింది. "రోజు పెడుతున్న డాక్టరమ్మా. ఆకు కడిగి, నీళ్ళు పోకుంట, మూతపెట్టి నా చేతులతోటి వండుతున్న. ఇంటిల్లిపాది తింటున్నరు." డాక్టరమ్మ అమ్మ వైపు తిరిగింది. "నిన్న ఏం తిన్నవమ్మా?" "తోటకూర." "ఎంత తిన్నవు?" అమ్మ తల దించుకుని, "తిన్న" అంది. డాక్టరమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. "నువ్వు చెప్పు బిడ్డా, అమ్మ ఎంత కూర తిన్నది?" నాకు అబద్ధం చెప్పాలని తోచలేదు. "అందరం తిన్నంక తింటది. నిన్న కూర ఒడిసిపోయింది. గంజుల ఇంత అన్నం వేసి, అంటుకున్నది తుడుచుకొని తిన్నది," అన్నాను. డాక్టరమ్మ ఎవరినీ తిట్టలేదు. వచ్చేసారికి పెరగకపోతే తన చేతిలో ఏమీ ఉండదని మాత్రం చెప్పి పంపించింది.

నాకు అప్పుడు అర్థం కాలేదు, తర్వాత ఎన్నోసార్లు ఆలోచిస్తే అర్థమైంది. మా ఇంట్లో వరస అది. ముందు మగవాళ్ళూ పిల్లలూ, తర్వాత నాయినమ్మ, అందరి ఎంగిలి కంచాలూ ఎత్తాక అమ్మ. ఎవరు పెట్టారో తెలియని వరస, వాకిట్లో అన్ని ఇళ్ళలోనూ అదే. అమ్మ రుచి లేకుండా వండిన రోజుల్లో కూర మిగిలేది, ఆ పిప్పైనా ఆమెకు దక్కేది. నాయినమ్మ సారం పోకుండా, కమ్మగా వండడం మొదలుపెట్టాక మేమంతా ఎగబడి తిన్నాం. బలమంతా బాపు పొట్టకూ చిన్నాయన బుగ్గలకూ నాకూ పోయింది. ఎవరి కోసం అంత జాగ్రత్తగా వండిందో ఆమెకు మాత్రం గంజు అడుగే మిగిలింది. మోరీలో పోయేది ఆగింది కానీ, పొయ్యికీ ఆఖరి కంచానికీ నడుమ పోయేది ఎవరూ చూడలేదు. అమ్మ అడగదు. అడగడం అనే మాటే ఆమెకు తెలియదు.

రిక్షాలో ఆబిడ్స్ మీదుగా ఇంటికి బయల్దేరాం. దుకాణాల అద్దాలు చూడటమంటే నాయినమ్మకు సరదా, ఆ రోజు తల తిప్పలేదు. ఇంటికొచ్చి మంచి చీరతోనే పొయ్యి ముందు కూర్చుంది. పొద్దున కడిగి పెట్టిన పాలకూర పప్పులో వేసి వండింది. ఇంకా మగవాళ్ళెవరూ రాలేదు. పీట వేసి, కంచం పెట్టి, "కూసో బిడ్డా," అంది అమ్మను. అమ్మ హడలిపోయింది. "మీరెవ్వరు తినకముందు నేనెట్ల తింట అత్తమ్మా? ఆయన రాలే. నాకు మంచిగనిపియ్యది." నాయినమ్మ అమ్మ రెండు భుజాలూ పట్టుకుని పీట మీద కూర్చోబెట్టింది. తనూ ఎదురుగా నేల మీద కూలబడింది. "నా లచ్చిమి సంగతి యాదికుందా నీకు? నువ్వు చూడలే. నా పెద్దబిడ్డ. తొలికాన్పుకే పోయింది. ఒంట్ల రక్తం లేదన్నరు. అత్తగారింట్ల అందరికి వడ్డిచ్చి, ఆఖరుకు గంజి తాగి బతికేది. పిల్లకు ఇంత కూడు పెట్టకపోతివా అని దాని అత్తను నేను గిప్పటిదాక తిట్టుకుంటనే ఉన్న." కంచంలో అన్నం పెట్టి, పాలకూర పప్పు వేసింది. "ఇయ్యాల డాక్టరమ్మ ముందట నాకు తెల్సింది బిడ్డా. గా అత్త లెక్కనే నేను గూడ కూసున్న. తిను. నువ్వు తినందే నేను ముద్ద ముట్ట."

అమ్మ తినడం మొదలుపెట్టింది. ముద్ద నోట్లో పెట్టుకుంటుంది కానీ చూపంతా గుమ్మం మీదే. ఏడుస్తూ, ముక్కు తుడుచుకుంటూ, దొంగతనం చేస్తున్నదానిలా తింటోంది. కోర్టు దగ్గరే కనుక బాపు మధ్యాహ్నం ఇంటికొచ్చి భోంచేసేవాడు. సరిగ్గా అప్పుడే వచ్చాడు. గుమ్మంలో ఆగిపోయాడు. అమ్మ లేవబోయింది, నాయినమ్మ ఆమె మోకాలి మీద చేయి వేసి ఆపింది. బాపు వాళ్ళమ్మ ముఖం చూశాడు, అమ్మ కంచం చూశాడు, నన్ను చూశాడు. మెల్లగా వెనక్కి తిరిగి, మాకు వీపు పెట్టి గడప మీద కూర్చున్నాడు. ఆయన ఎదురుగా ఉంటే అమ్మ మింగలేదని ఆయనకు తెలుసు. పొద్దున ఎప్పుడో ఇంత తిని పోయిన మనిషి, ఆకలి మీద ఉన్నాడు. "నిమ్మళంగ తిను. కోర్టు ఏడికి పోదు," అన్నాడు తల తిప్పకుండానే. మా బాపు మీద నాకు ఎన్నో ఫిర్యాదులున్నాయి, కోపిష్టి మనిషి. కానీ ఆ వీపును తలచుకుంటే ఇప్పటికీ ఆయన కాళ్ళు పట్టుకోవాలనిపిస్తుంది.

ఆ రోజు నుంచి అమ్మ వంతు కూర ముందే తీశాకనే మాకు వడ్డన. కొన్నిసార్లు మా వంతుకు కూర చాలేది కాదు, పచ్చడితో సరిపెట్టుకునేవాళ్ళం. చిన్నాయన ఖాళీ గంజులోకి తొంగిచూసి, "గిట్లయితే నేను గూడ కడుపుతోటి ఉంటె మంచిగుండు," అన్నాడు. నాయినమ్మ గంటె విసిరింది. తగల్లేదు. తర్వాతిసారి దవాఖానకు నాయినమ్మ పాత చీరతోనే వచ్చింది. డాక్టరమ్మ కాగితం చూసి, మళ్ళీ చూసి, "ఇప్పుడు తింటున్నవు," అంది అమ్మతో. అంతే అంది. నాయినమ్మ బయట వరండాలో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వాన పడుతున్న ఒక పొద్దున సరళ పుట్టింది. ఆడపిల్ల అని చెప్పడానికి నర్సు బయటికొస్తే, నాయినమ్మ పిల్ల కోసం చేతులు చాపలేదు. నేరుగా లోపలికి పోయి, అమ్మ కంటి రెప్ప దించి చూసింది. ఆ తర్వాతే, "ఏది నా మనవరాలు?" అంది.

నాయినమ్మ ఊరికి పోయాక అమ్మ మళ్ళీ మెల్లమెల్లగా ఆఖరుకే జరిగింది. అది మాత్రం నిజం, కథ కోసం దాచను. కానీ గంజు తుడుచుకు తినే పని మళ్ళీ పడలేదు. బాపు కూర గిన్నెలోకి ఒకసారి చూసి, ఆకలి తీరకున్నా "ఇగ చాలు" అని లేచేవాడు. ఆయన లేస్తే చిన్నాయనా లేవాల్సిందే. అమ్మ చాలా కాలం బతికింది, మనవలను ఎత్తుకుంది, ఆకుకూర కడిగే తీరు ఆఖరుదాకా మార్చుకోలేదు.

చెప్పడం అయ్యేసరికి తోటకూర గిన్నెలో మగ్గుతోంది. ఆ వాకిలి ఇప్పుడు లేదు. అక్కడ పెద్ద షాపింగ్ కాంప్లెక్సు లేచింది, మీదుగా మెట్రో పోతుంది. ఇప్పుడు మన కూరలకు చల్లటి పెట్టెలున్నాయి, కడగడానికి ఇరవైనాలుగు గంటలూ నల్లా ఉంది, ఏ ఆకులో ఏముందో అరచేతిలో చెప్పే ఫోనుంది. అమ్మకు ఇవేవీ లేవు. "మరి నీకేంది సరళా? పొద్దున నువ్వేం తింటవు?" అని అడిగాను. "అందరి డబ్బాలు కట్టేసరికే టైమైతదక్కా. గిన్నెల ఏం మిగిలితే అది నిలబడే తిని ఉరుకుత. ఒక్కోపారి అది గూడ లేదు," అంది. కోడలు ఏమీ అనదా అన్నాను. "ఆమె మంచిదే పాపం. తినుండ్రి అత్తమ్మా అని రోజు మొత్తుకుంటది. నేనే తర్వాత తింటనంట." అప్పుడు అమ్మను వరస ఆపింది. ఇప్పుడు సరళను ఆపేవాళ్ళు ఎవరూ లేరు. అయినా ఆగిపోతోంది. వీడియోలన్నీ చూసి ఒక్క చుక్క బలం పోకుండా వండి, అందరికీ పెట్టి, రక్తం లేక నా మెట్లెక్కలేక ఆయాసపడుతోంది.

నేను టేబుల్ మీద ఒక్క కంచమే పెట్టాను. "నువ్వు గూడ కూసో," అంది. "నాకేం తొందర, నా రక్తం మస్తుగుంది," అన్నాను. అన్నం వేసి, కూర వేసి, నిమ్మకాయ పిండి ఎదురుగా కూర్చున్నాను. సరళ తల వంచుకుని తింది. తాను పుట్టడానికి ముందు అమ్మ ఏడుస్తూ తిన్న అన్నం గురించే ఆలోచిస్తోందని నాకు తెలుసు. కంచం ఖాళీ అయింది. లేస్తుందనుకున్నాను, చేయి కడుక్కోవడానికి దారి ఇస్తూ కుర్చీ జరిపాను. అది లేవలేదు. కంచం కొంచెం నా వైపు జరిపి, చిన్నపిల్లలా, "ఇంకింత కూర పెట్టక్కా," అంది. మా నాయినమ్మ నోట గానీ, మా అమ్మ నోట గానీ, ఇంత వయసొచ్చినా నా నోట గానీ, ఆ మాట నేను ఎన్నడూ వినలేదు.